ఎవరి బరువు వాళ్ళదే

"తలుపు వెయ్యి ముందు. ఆ వీధి తలుపు వెయ్యి!"

రంగులాయన అరవలేదు. అరవాల్సిన మాటను పళ్ళ సందున నలిపి బయటికి వదిలాడు. భార్య వెళ్ళి తలుపు వేసింది. గడియ పెట్టేలోపు సందులోంచి ఒకసారి చూసింది. వ్యాను అప్పటికే మలుపు తిరిగిపోయింది.

"ఎవరైనా చూశారా?"

"ఎదురింటావిడ మొక్కలకి నీళ్ళు పోస్తోంది."

"చూసిందా లేదా అని అడుగుతున్నా."

"పోయడం ఆపింది."

రంగులాయన నుదురు పట్టుకున్నాడు.

హాలు మధ్యలో, ప్రచారం ఫొటోల కోసం కొత్తగా కొన్న కుర్చీలో, ఆయన అక్క కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర ఒక గుడ్డసంచి. ముడుచుకుపోయిన కుడిచెయ్యి ఒళ్ళో, దాని మీద కాపలా కాస్తున్నట్టు ఎడమచెయ్యి. నెరిసిన జుట్టును ఎవరో మొండికత్తెరతో కత్తిరించి వదిలేశారు. ఆమె గోడల్ని చూస్తోంది. ఒక్కో గోడనూ తీరిగ్గా, ఇల్లు బేరం చెయ్యడానికి వచ్చిన మనిషిలాగా.

ఇరవై ఏళ్ళకు పైగా ఊరి చివర ప్రభుత్వ ఆశ్రమంలో ఉన్న మనిషి. అందులో ఆడవాళ్ళ విభాగాన్ని ఈ వారమే మూసేశారు. మూసింది అధికారంలో ఉన్న పార్టీ. ఆ పార్టీ తరఫున ఈ ఊళ్ళో నిలబడింది సాక్షాత్తూ రంగులాయన. మీటింగు మీటింగుకీ ఆయన చెప్పే మాట ఒకటుంది: "నాకు అక్కా లేదు, తమ్ముడూ లేడు, మీరే నా కుటుంబం."

"ఇంకాసేపట్లో కార్యకర్తలొస్తారు," అన్నాడు. "వెనక కుట్టుగదిలోకి తీసుకెళ్ళు."

"అది నేను పనిచేసుకునే గది."

"అయితే నా నెత్తిన పెట్టుకోనా?"

"మీ అక్క, మీ నెత్తి. న్యాయంగా ఉండాల్సింది అక్కడే."

"ఓహో, న్యాయం!" ఆయన గొంతు ఇంకా తగ్గింది. తగ్గేకొద్దీ ఆ గొంతుకు పదునెక్కువ. "ఆవిణ్ణి ఎక్కడన్నా పెడితేగాని మా పిల్లనివ్వం అన్నదెవరు? మీ నాన్న కాదూ? ఆయన ఆ మాట అంటుంటే నువ్వు గుమ్మంలో నిలబడి గోళ్ళు చూసుకుంటున్నావు. 'అదేంటి నాన్నా' అన్నావా? ఒక్క మాట అన్నావా?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. ఇల్లాలు ఉలకలేదు. కుర్చీ కోడుకు అంటిన మట్టిని కాలితో తుడుస్తూ నిలబడింది.

అప్పుడు ఆ కుర్చీలోంచి ఒక మాట వచ్చింది. మాట అనడానికి లేదు. ఇరవయ్యో ఏట మెదడుకు పాకిన జ్వరం ఆమె కుడిచేతితోపాటు నాలుకను కూడా సగం తినేసింది. నోట్లో గులకరాళ్ళు పోసుకుని మాట్లాడినట్టుంటుంది. ఆమె ఎడమచేతి చూపుడువేలు ఎత్తి తన చెవిని తాకింది. మళ్ళీ చెప్పింది. మూడోసారికి ఇద్దరికీ అర్థమైంది.

"నాకు చెవుడు లేదు."

*

రంగులాయన రెండుసార్లు ఎన్నికల్లో నిలబడ్డాడు, రెండుసార్లూ కూర్చున్నాడు. ఇది ఊళ్ళో వాళ్ళ జోకు. కూరల మార్కెట్టులో, బస్సులో, చివరికి తన కుట్టుగదికి పరదాలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళ నోట కూడా ఇల్లాలు ఆ జోకు వింది. విని వాళ్ళతోపాటు నవ్వింది. నవ్వి, వాళ్ళ పరదా అంచు ఒక వేలెడు పొట్టిగా కుట్టింది.

పార్టీ మీద ఆమెకు నమ్మకం లేకపోలేదు. ఉంది. రంగుల కొట్టు పెట్టిన కొత్తల్లో పన్నుల వాళ్ళు వచ్చి డబ్బా డబ్బా తట్టి చూసేవారు. చిన్న వ్యాపారం చేసుకునేవాడు దొంగేమో అన్నట్టుండేది వాళ్ళ వాలకం. ఈ పార్టీ వచ్చాకే ఆ పీడ వదిలింది. "ప్రభుత్వం మీ అమ్మా కాదు, మీ నాన్నా కాదు. ఎవరి ఇంటి బరువు వాళ్ళు మొయ్యాలి. మోసేవాడి వీపు మీద ఇంకొకడి మూట పెట్టకూడదు" అని పార్టీ పెద్దలు చెబితే, ఆమెకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఒళ్ళొంచి పనిచేసుకునేవాళ్ళకు ఆ మాట తీయగానే ఉంటుంది. పార్టీ జెండాలకూ స్టేజీ పరదాలకూ అంచులు కుట్టింది ఈమె గదిలోనే.

ఆశ్రమాలు మూసేస్తామని చెప్పినప్పుడూ ఆమె చప్పట్లు కొట్టింది. అందులో ఎవరున్నారో ఆమెకు తెలుసు. తెలిసీ కొట్టింది. నిజానికి అక్కగారికి దగ్గరగా ఉందామనే ఆ మొగుడూ పెళ్ళాలు ఈ ఊరు వచ్చి కొట్టు పెట్టారు. మొదటి ఏడాది ప్రతి ఆదివారం వెళ్ళారు. రెండో ఏడాది నెలకోసారి. ఆ తర్వాత రంగులాయన, ఆశ్రమం రోడ్డు గతుకులెక్కువ, బండి పాడైపోతోందన్నాడు.

ఇప్పుడు ఆ మనిషి కుట్టుగదిలో, గుడ్డ తానుల బీరువాకూ ఇస్త్రీ బల్లకూ మధ్య వేసిన మడతమంచం మీద పడుకుంటోంది. వారం తిరిగేసరికి ఇల్లాలికి ఆమె మాట సగం అర్థమవుతోంది. అంచులావిడకు ముప్పాతిక అర్థమవుతోంది.

అంచులావిడ అంటే, ఇల్లాలి దగ్గర పరదాలకు అంచులు కుట్టే ఆవిడ. ఆవిడ కొడుకు అదే ఆశ్రమంలో మగవాళ్ళ విభాగంలో ఉన్నాడు. ఆ విభాగాన్ని ఇంకా మూయలేదు. పాతికేళ్ళవాడు, తలుపంత మనిషి, బుద్ధి మాత్రం నాలుగేళ్ళది. కోపమొస్తే ఏం చేస్తాడో వాడికే తెలియదు. ఒకసారి తల్లి చెయ్యి విరిచాడు. విరిచి, తనే కూర్చుని ఏడ్చాడు. ఆవిడ ఉండేది వేరే వీధిలో, మేడ మీద ఒంటిగదిలో.

"అమ్మా, అయ్యగారితో ఒక్క మాట చెప్పండి," అంది అంచులావిడ మిషను ఆపకుండానే. "మావాళ్ళ వైపు మూయొద్దనండి. వాణ్ణి ఇంటికి పంపిస్తే నేను వాడి చేతుల్లోనన్నా పోతాను, వాడు నా చేతుల్లోనన్నా పోతాడు."

"చూద్దాం."

"చూద్దాం అంటే చెప్తారా?"

"చూద్దాం అంటే చూద్దామని. ఆ కుట్టు వంకరపోతోంది, చూసుకో."

మంచం మీంచి వదిన ఏదో అంది. అంచులావిడ ఠక్కున మిషను ఆపి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏమంది?" అంది ఇల్లాలు.

"ఆశ్రమంలో అందరికీ ఓటుందటమ్మా. కుర్చీబండిలో తోసుకెళ్ళి వేయించేవారట. రెండుసార్లూ..." అంచులావిడ ఆగిపోయింది.

మిగతాది వదినే చెప్పింది, నెమ్మదిగా, ఒక్కో మాటనూ గుంజి లాగి. "రెండుసార్లూ వీడికి వ్యతిరేకంగానే వేశాను."

"ఎందుకు వదినా?"

"ఎవరెవరో నిలబడ్డారు. అందులో నాకు తెలిసినవాడు వీడొక్కడే."

*

ఆ సాయంత్రం లెక్కలాయన వచ్చాడు. పార్టీ పంపిన ప్రచారం మనిషి. పళ్ళు తోముకునేటప్పుడు కూడా సర్వే అంకెలే వల్లిస్తాడని కార్యకర్తలు పెట్టిన పేరది. భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఇచ్చిన టీ ముట్టకుండా, "అన్నా, దిగజారిపోతున్నాం," అన్నాడు.

"ఎంత?"

"ఎంతని అడక్కు. ఆశ్రమం మూయడం మనకి గోరుచుట్టు మీద రోకలిపోటు అయింది. అవతలివాళ్ళు ఫొటోలు అంటిస్తున్నారు. రోడ్డు పక్కన కూర్చోబెట్టిన ముసలమ్మల ఫొటోలు. ఆడవాళ్ళ ఓట్లు జారిపోతున్నాయి. ఈ టైములో నీ ఇంట్లో..." అతను కుట్టుగది వైపు గడ్డం చూపించాడు. "ఎవరికైనా తెలిసిందా?"

"ఎదురింటివాళ్ళకి అనుమానం. మా ఆవిడ దూరపు చుట్టమని చెప్పాం."

"కొండ అవతల ఒక ప్రైవేటు ఆశ్రమం ఉంది. మనవాళ్ళదే. రేపు తెల్లారేసరికి బండి పంపిస్తా. ఎన్నికల దాకా గుట్టుగా ఉంటుంది."

"ఎన్నికల దాకానే ఏంటి? ఆ తర్వాత కూడా," అన్నాడు రంగులాయన.

ఇల్లాలు బల్ల పక్కనే నిలబడి ఉంది. అప్పుడు అన్న మాట తన నోట ఎందుకు వచ్చిందో ఆమె తర్వాత చాలాసార్లు ఆలోచించుకుంది. జాలి కాదు. జాలైతే ఇరవై ఏళ్ళ కిందటే వచ్చేది. మూడోసారి కూడా ఈయన కూర్చుంటే ఆ జోకు మళ్ళీ వినాలన్న బాధ ఒకటి. ఎదురింటావిడ చూపు ఒకటి. ఇద్దరు మగవాళ్ళు తన ఇంట్లో, తను ఇచ్చిన టీ ముందు కూర్చుని, తనను గోడనో గుంజనో అనుకుని మాట్లాడుకోవడం ఇంకొకటి.

"ఎందుకు దాచడం?" అంది. "చూపించండి."

ఇద్దరూ తలెత్తారు.

"ఎవరి ఇంటి బరువు వాళ్ళు మొయ్యాలని మీరే కదా ఊరంతా చెబుతున్నారు. మేం మోస్తున్నామని చూపించండి. స్టేజీ ఎక్కించండి. పక్కన కూర్చోబెట్టుకుని, ఇదిగో మా అక్క, మా ఇంటికి తెచ్చుకున్నాం, మీరూ తెచ్చుకోండి అనండి. అవతలివాళ్ళ ఫొటోలు ఎందుకూ పనికిరాకుండా పోతాయి."

రంగులాయన భార్యవైపు, ఇంట్లోకి కొత్తమనిషెవరో వచ్చినట్టు చూశాడు. లెక్కలాయన టీ కప్పు అందుకుని ఒక గుక్క తాగాడు.

"అక్క లేదని ఇన్నాళ్ళూ చెప్పానే?" అన్నాడు రంగులాయన.

"సిగ్గుపడి దాచానని చెప్పన్నా," అన్నాడు లెక్కలాయన. "ఏడువు. తప్పు ఒప్పుకున్నవాడంటే జనానికి ప్రాణం." ఇల్లాలి వైపు తిరిగాడు. "మేడమ్, మీరెందుకు నిలబడలేదు ఎన్నికల్లో?"

పొగడ్త గొంతు దిగి కడుపులో వెచ్చగా చేరింది. అలా చేరినందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఆ వెచ్చదనం పోలేదు.

*

వదినను ఒప్పించే పని ఇల్లాలి మీదే పడింది.

"స్టేజీయా?" అంది వదిన. "నన్ను చూసి జనం భయపడరూ?"

"జాలిపడతారు."

"అదింకా అన్యాయం." కాసేపు కిటికీ లేని గోడవైపు చూసింది. "మైకిస్తారా?"

"మైకెందుకు వదినా? ఊరికే కూర్చుంటే చాలు."

"ఊరికే కూర్చోవడం ఇరవై ఏళ్ళు చేశాను. బాగా వచ్చు." నవ్విందో దగ్గిందో తెలియలేదు. "సరే. నాకు మేడ మీద వీధివైపు గది కావాలి. కిటికీ ఉన్నది. ఎన్నికల దాకా కాదు, నేను పోయేదాకా. వాణ్ణి వచ్చి చెప్పమను."

రంగులాయన వచ్చి చెప్పాడు. అక్క కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని, ఆమె చచ్చుచెయ్యి పట్టుకుని, "నీ మీద ఒట్టక్కా," అన్నాడు. ఎంత తేలిగ్గా ఒట్టు పెట్టాడంటే, గుమ్మంలో నిలబడ్డ భార్యకు అది అబద్ధమని అక్కడికక్కడే తెలిసిపోయింది. ఆమెకు తెలిసిన మొగుడు నిజం చెప్పేటప్పుడు తడబడతాడు.

మీటింగు రోజు మధ్యాహ్నం లెక్కలాయన బట్టల దగ్గర పేచీ పెట్టాడు.

"కొత్తవి వద్దు మేడమ్. మరీ పాతవీ వద్దు. మనం బాగా చూసుకుంటున్నట్టు ఉండాలి, కష్టం కూడా కనిపించాలి. జుట్టు అలాగే ఉంచండి, దువ్వొద్దు. కూర్చోబెట్టేటప్పుడు కుడిచెయ్యి జనం వైపు ఉండాలి. కెమెరా అటువైపే."

వదిన మంచం మీద కూర్చుని అన్నీ వింటోంది. చెవుడు లేదన్న సంగతి ఇంట్లో అందరూ మళ్ళీ మరిచిపోయారు. లెక్కలాయన అక్కడే నిలబడి ఫోను తీశాడు. "ఆ, ఓట్లు పడిన మర్నాడు బండి పంపించండి. ఒక్క మనిషే. లేదు, ఇబ్బంది పెట్టదు, మాట రాదు. గది ఏదైనా పర్లేదు."

ఇల్లాలు వదినవైపు చూసింది. వదిన తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, జాగ్రత్తగా, జనం వైపుకు వచ్చేలా ఒళ్ళో సర్దుకుంది.

*

మైదానం నిండిపోయింది. వెనక వరసలవాళ్ళు కుర్చీల మీదికెక్కి నిలబడ్డారు. స్టేజీ పరదాలు ఇల్లాలు కుట్టినవే. గాలికి ఒక మూల ఊడి కొట్టుకుంటుంటే, స్టేజీ మీద వదిన పక్కన కూర్చున్న ఆమె చూపు అంత జనంలోనూ దానిమీదికే పోతోంది.

రంగులాయన ఏడ్చాడు. బాగా ఏడ్చాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, నేను నా ఇల్లు గెలవకుండానే మీ ముందుకొచ్చాను, అందుకే రెండుసార్లు ఓడించారు, సరైన పనే చేశారు అన్నాడు. అక్కను దాచిన పాపం ఈ రోజు మీ ముందు కడుక్కుంటున్నానన్నాడు. "ఆశ్రమం మూస్తున్నారని తెలియగానే పరుగెత్తుకెళ్ళి నా చేతుల మీద మోసుకొచ్చాను. ఎవరి బరువండీ ఇది? నా రక్తం! దీన్ని బరువంటారా?"

ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. అంతటి ఏడుపులోనూ అబద్ధమెక్కడుందో వెతికితే దొరికేది కాదు. ఆ క్షణానికి రంగులాయన కూడా నమ్మేశాడు, తను పరుగెత్తుకెళ్ళాడని.

చప్పట్లు ఆగేలా లేవు. చప్పట్లు తాగిన మనిషి కల్లు తాగినవాడికంటే ముందు తూలతాడు. చీటీలో రాసుకోని మాట ఒకటి ఆయన నోట్లోంచి ఊడిపడింది.

"మిగిలిన మగవాళ్ళ విభాగం కూడా ఎందుకు? ఎన్నికలయ్యేదాకా ఆగడమెందుకు? పెద్దలతో నేను మాట్లాడతాను. ఈ వారంలోనే ప్రతి తల్లికీ తన బిడ్డను అప్పగిస్తాం!"

మైదానం హోరెత్తింది. ఇల్లాలి కళ్ళు వాటంతట అవే, జనాన్ని ఆపడానికి కట్టిన అడ్డుకర్రల దగ్గరికి పోయాయి. అక్కడ అంచులావిడ నిలబడి ఉంది. చుట్టూ అందరి చేతులూ పైకి లేచి ఉన్నాయి. ఆవిడ రెండు చేతులూ అడ్డుకర్రను పట్టుకుని ఉన్నాయి.

'చూద్దాం' అని దాటేసిన ఆ మాట ఇల్లాలు మొగుడికి చెప్పనే లేదు. చెప్పాలన్న ఆలోచన కూడా అంచులావిడ అడిగిన రోజు తర్వాత రాలేదు.

అప్పుడు వదిన ఎడమచెయ్యి చాచింది. మైకు కోసం.

రంగులాయన ఒక్క క్షణం తటపటాయించాడు. కానీ జనం "అక్కా, అక్కా" అని మొదలుపెట్టారు. ఇవ్వక తప్పలేదు. మైకు ఆమె నోటి దగ్గర పట్టుకున్నాడు. ఆమె మాట్లాడింది. స్పీకర్లలోంచి ఆ గులకరాళ్ళ చప్పుడు మైదానం చివరిదాకా దొర్లింది. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వల్లనే ఇంకా ఏడ్చారు.

ఇల్లాలికి ప్రతి మాటా అర్థమైంది.

"వీడు నన్ను తేలేదు. వ్యానువాళ్ళు గుమ్మంలో దింపిపోయారు. ఓట్లు పడిన మర్నాడు కొండ అవతలికి పంపించేస్తాడు. బండి మాట్లాడారు, నేను విన్నాను. వీడికి ఓటెయ్యకండి. మీ ఇళ్ళల్లో నాలాంటివాళ్ళుంటే అస్సలు వెయ్యకండి."

"ఏమంటోందన్నా అక్క?" ముందు వరసలోంచి ఎవరో అరిచారు.

రంగులాయనకు సగమే తెలిసింది. ఆ సగానికే ముఖం పాలిపోయింది. మైకు తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. "మా ఆవిడ చెప్తుంది. అక్కను కంటికి రెప్పలా చూసుకునేది ఆవిడే. అక్క మాట ఆవిడకే తెలుసు."

పెట్టేటప్పుడు ఆయన కళ్ళు చూసింది. బెదిరింపు లేదు. బతిమాలడం ఉంది. పెళ్ళైనప్పటినుంచి ఆయన ఆమెను బతిమాలడం అదే మొదలు.

మైకు వెచ్చగా ఉంది. వదిన ఆమెవైపే చూస్తోంది. ప్రాధేయపడటం లేదు, కోప్పడటం లేదు. ఇంట్లోకి వచ్చిన రోజు గోడల్ని చూసినట్టే చూస్తోంది.

"మా వదిన..." ఇల్లాలి గొంతు స్పీకర్లలో ఆమెకే వింతగా వినిపించింది. "మా వదిన అంటోంది... ఇన్నాళ్ళకి ఇల్లు చేరానంటోంది. మా తమ్ముణ్ణి మీ చేతుల్లో పెడుతున్నాను, ఈసారి గెలిపించండి అంటోంది."

ఆ హోరుకు పరదా మూల పూర్తిగా ఊడి కిందపడింది. వదిన పెద్దగా నవ్వింది, భుజాలు కదిలేలా, నోరంతా తెరిచి. ఫొటోలవాళ్ళు ఎగబడ్డారు. మర్నాడు ఊరంతా అంటించింది ఆ ఫొటోనే: ఆనందం పట్టలేని అక్క.

*

స్టేజీ వెనక మెట్లు దిగేటప్పుడు అంచులావిడ ఎదురొచ్చింది. కార్యకర్తలు ఆపబోతే, "మా మనిషే," అంది ఇల్లాలు. అనకుండా ఉండాల్సిందని వెంటనే అనుకుంది.

"ఈ వారంలోనే వచ్చేస్తాడటమ్మా మావాడు," అంది అంచులావిడ. ఏడవటం లేదు. "నేను చెప్పమన్నది మీరు చెప్పలేదు. పోనీలెండి. కానీ ఆవిడన్నది అది కాదు కదమ్మా. నేనూ విన్నాను."

చుట్టూ జనం. పదడుగుల అవతల విలేకరులు. ఇల్లాలి చెవుల్లో ఇంకా ఆ హోరే ఉంది.

"విన్నావా?" అంది మెల్లగా. "విని ఏం చేస్తావు? ఆమె మాట ఎవరికీ అర్థం కాదు. నీ మాట ఎవరూ నమ్మరు. కొడుకొస్తున్నాడన్నావు, వెళ్ళి గది సర్దుకో. ఎవరి బరువు వాళ్ళే మొయ్యాలి."

ఆ మాట తన నోట్లోంచి అంత నున్నగా, ఎక్కడా తట్టుకోకుండా వచ్చినందుకు ఆమె ఒక్క క్షణం నివ్వెరపోయింది. అంచులావిడ తన యజమానురాలి ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత నడుముకు కట్టుకున్న గుడ్డను, ఇంకా దారప్పోగులు అంటుకుని ఉన్న పనిగుడ్డను, విప్పి మెట్టు మీద పెట్టి, విలేకరులున్న వైపు కాకుండా ఇంకోవైపు నడిచి వెళ్ళిపోయింది. ఇల్లాలికి ఊపిరి వచ్చింది. ఊపిరి వచ్చినందుకు సిగ్గు రాలేదు. వస్తుందేమోనని ఆగి చూసింది కూడా.

కారులో ముందు సీట్లో లెక్కలాయన ఫోను దించడం లేదు. పక్కన రంగులాయన స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు.

"అన్నా, పైవాళ్ళు ఎగిరి గంతేస్తున్నారు! అక్కగారిని ఒక్క ఊరికే పరిమితం చెయ్యొద్దంటున్నారు. రేపటినుంచి రోజుకో ఊరు. మేడమ్ కూడా పక్కనే ఉండాలి, మాట చెప్పడానికి. కొండ అవతలివాళ్ళకి బండి ఇప్పుడే వద్దని చెప్పేశా."

"మరి తర్వాత?" అన్నాడు రంగులాయన.

"తర్వాత సంగతి తర్వాత."

వెనక సీట్లో వదిన ఇల్లాలి భుజానికి ఆనుకుని కూర్చుంది. చాలా అలిసిపోయింది. అయినా ఆమె ముఖంలో, ఆశ్రమంలో ఇరవై ఏళ్ళూ దొరకని వినోదమేదో దొరికినట్టు ఒక కళ ఉంది. ఎడమచేత్తో ఇల్లాలి మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు గట్టిది. ఒక చేత్తోనే బతికినవాళ్ళ పట్టు.

"బాగా చెప్పావు మరదలా," అంది. మాటలు ఒకదాని వెనక ఒకటి కదిలొచ్చాయి, తొందర లేకుండా. "నేను వస్తాను. ప్రతి ఊరూ వస్తాను. రోజుకో నిజం చెబుతాను. ఇవాళ వాడి గురించి చెప్పాను. రేపు మీ నాన్న గురించి చెబుతాను, గుమ్మంలో నిలబడి గోళ్ళు చూసుకున్న పిల్ల గురించి చెబుతాను. నువ్వు దాన్ని దీవెనగా మార్చి, నీ నోటితో, అంతమంది ముందు చెప్పు. ఎంతదాకా చెప్పగలవో చూస్తాను."

లెక్కలాయన ఉత్సాహంగా వెనక్కి తిరిగాడు. అద్దంలో రంగులాయన కళ్ళు కూడా వెనక్కి తిరిగాయి.

"ఏమంటున్నారు మేడమ్ అక్కగారు? రేపటికి వస్తానంటున్నారా?"

మణికట్టు మీద పట్టు సడలలేదు. ఇల్లాలు నోరు తెరిచింది.